500 మి.మీ. లెన్స్ ఏ బాడీ మీద ఉండాలి?

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర హైస్కూల్లో సైన్సు చెబుతాను. కొన్నేళ్లుగా పక్షుల ఫొటోలు తీస్తున్నాను. నికాన్ డి7200, 200-500 ఎఫ్/5.6 లెన్స్, కెమెరాతో వచ్చిన 18-140 ఉన్నాయి. ఎక్కువగా తేలినీలాపురం, నౌపడ ఉప్పు మడులు, సెలవు దొరికితే ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచి వెళ్తాను. లెన్స్ మార్చేలోపు పక్షి ఎగిరిపోతోంది. అందుకే రెండో బాడీ (లెన్స్ లేని కెమెరా) కొందామనుకుంటున్నాను. 80 వేల దాకా పెట్టగలను. ఒక స్నేహితుడు పాత ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) డి750 తీసుకోమంటున్నాడు. విశాఖలో షాపువాళ్లు జెడ్50-2 చూపించారు. ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ డి500 ఉందట, కానీ అది 20.9 మెగాపిక్సెళ్లే, నా దానికన్నా తక్కువ. ఏది మంచిది? డి7200 అమ్మేయమంటారా? ఉద్దానంలో ఎలుగుబంట్లను సాయంత్రం పూట తీయాలని కూడా ఉంది. దానికి ఏ కెమెరా పనికొస్తుంది?

జవాబు:

మాస్టారూ, ముందు అమ్మకం మాట నుంచి మొదలుపెడతాను. డి7200 అమ్మకండి. ఇప్పుడు దానికి వచ్చే డబ్బు తక్కువ, అది ఇంకా చేయగల పని ఎక్కువ. పైగా మీ బాధంతా ‘లెన్స్ మార్చేలోపు పక్షి ఎగిరిపోతోంది’ అన్న ఒక్క ముక్కలోనే ఉంది. ఉన్నది అమ్మి ఎంత గొప్ప కెమెరా తెచ్చుకున్నా చేతిలో మళ్లీ ఒక్కటే మిగులుతుంది, లెన్స్ మార్చే తంటా ఎక్కడికీ పోదు.

రెండో బాడీ అనగానే చాలామంది చవకగా, చిన్నగా ఏదో ఒకటి చూస్తారు. పెద్ద లెన్స్ పాత బాడీకే ఉంచి, కొత్తదానికి చిన్న లెన్స్ తగిలిస్తారు. పెళ్లిళ్ల ఫొటోలకు అది సరిపోవచ్చు. పక్షుల దగ్గర కష్టమంతా 500 మి.మీ. దగ్గరే ఉంటుంది. వేగం, ఫోకస్, బఫర్ (తీసిన ఫొటోలు కార్డుకి ఎక్కేదాకా నిలిచే కెమెరా మెమరీ) అన్నీ అక్కడే కావాలి. చెట్టు మొత్తాన్నీ, ఊరినీ కలిపి తీసే ఫొటోకి మీ డి7200 ఇంకో పదేళ్లయినా చాలు. కాబట్టి 80 వేలతో మీరు కొనాల్సింది మొదటి బాడీ. రెండోది మీ దగ్గరే ఉంది.

ఇలా చూస్తే మీరు రాసిన పేర్లలో సగం వాటంతట అవే పక్కకు పోతాయి.

డి750 సంగతి చూద్దాం. అది మంచి కెమెరా, మీ స్నేహితుడి మాటలో తప్పేమీ లేదు, కాకపోతే ఆ సలహా మీ లెన్స్‌కి నప్పదు. మీ డి7200 సెన్సర్ చిన్నది కాబట్టి 500 మి.మీ. లెన్స్ ఫుల్‌ఫ్రేమ్ మీద 750 మి.మీ. ఎంత దగ్గరగా చూపిస్తుందో అంత దగ్గరగా చూపిస్తోంది. అదే లెన్స్‌ని డి750కి తగిలిస్తే మడి మధ్యలో ఉన్న పక్షి ఫ్రేమ్‌లో చిన్నదైపోతుంది. ఇప్పుడు కనిపించే సైజుకి తేవాలంటే చుట్టూ కోయాలి. కోశాక ఆ 24 మెగాపిక్సెళ్లలో 10 మిగులుతాయి. ఫుల్‌ఫ్రేమ్‌కి చీకట్లో బలం ఎక్కువ అంటారు, నిజమే. ఆ బలం ఫ్రేమ్ నిండా పక్షి ఉన్నప్పుడే. కోసి పారేసిన భాగంలో పడిన వెలుతురు కూడా దానితోపాటే పోతుంది. మీరు పక్షికి ఇంకాస్త దగ్గరకు వెళ్లగలిగిన రోజున, లేదా 600 ఎఫ్/4 లాంటి లెన్స్ కొనే రోజున ఫుల్‌ఫ్రేమ్ గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

ఇక ఆ 20.9 మెగాపిక్సెళ్ల భయం. డి7200 ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు, డి500ది 5568. తేడా ఏడు శాతం. గోడకి పెద్ద ప్రింటు వేసినా పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు. చేయి వణికినా, ఫోకస్ కంటి బదులు రెక్క మీద పడినా పోయే వివరం దీనికి ఎన్నో రెట్లు.

డి500 మీకు ఇచ్చేది వేరే ఉంది. డి7200లో 14-బిట్ రా ఫైళ్లు (సెన్సర్ పట్టినదాన్ని దిద్దకుండా దాచే ఫైళ్లు) తీస్తుంటే 18 ఫొటోలకు బఫర్ నిండుతుంది. ఆ ఫైళ్లలో సెకనుకి ఐదు చొప్పున నాలుగు సెకన్లు కూడా రాదు. తేలినీలాపురంలో పెలికాన్ పుల్ల నోట కరుచుకుని ఊరి మీద ఒక చుట్టు తిరిగి, కాళ్లు ముందుకు చాపి, గూటి మీద వాలి, జోడీకి ఆ పుల్ల అందించేదాకా నాలుగు సెకన్లు ఎక్కడ సరిపోతాయి? అది తిరగడం మొదలుపెట్టగానే మీరు బటన్ నొక్కుతారు, వాలే సమయానికి కెమెరా మొరాయిస్తుంది. డి500 సెకనుకి పది తీస్తుంది, ఎక్స్‌క్యూడీ అనే వేగమైన మెమరీ కార్డుతో 200 రా ఫైళ్ల దాకా ఆగదు. రెండోది ఫోకస్ పాయింట్లు. మీ దాంట్లో 51, అవి ఫ్రేమ్ అంచుల దాకా రావు. డి500లో 153, ఫ్రేమ్ ఈ చివర నుంచి దాదాపు ఆ చివరి దాకా. ఎగిరే కొంగను ఎడమ చివరన ఉంచి, అది వెళ్లే వైపు ఆకాశం వదిలి తీయాలంటే మీరిప్పుడు మధ్యలో పెట్టి తీసి తర్వాత కోస్తున్నారు. ఆ కోత తప్పుతుంది. మసక వెలుతురులో ఫోకస్ పట్టడంలో కూడా డి500 ఒక మెట్టు ముందుంటుంది.

లోపాలు లేకపోలేదు. డి500 తయారీ 2022లో ఆగిపోయింది. వారంటీ దొరకదు. బ్యాటరీ, కార్డుతో కలిపి 860 గ్రాములు. మీ లెన్స్, స్టాండుకి బిగించే కాలర్‌తో కలిపి 2300. రెండూ కలిపితే మూడు కిలోలు దాటుతుంది, మెడలో వేలాడదీసేది కాదు. భుజం పట్టీ లెన్స్ కాలర్‌కే కట్టండి, బాడీకి కాదు. లోపలి ఫ్లాష్ లేదు. గూళ్ల దగ్గర ఫ్లాష్ ఎలాగూ వేయకూడదు కాబట్టి దాన్ని నేను లోపాల్లో లెక్కపెట్టను.

జెడ్50-2ని తీసిపారేయడం లేదు. పక్షి కంటిని గుర్తుపట్టి వెంటాడే పనిలో అది డి500ని మించుతుంది. దానికోసమే ప్రత్యేకంగా పక్షుల మోడ్ ఉంది. మీరు బటన్ పూర్తిగా నొక్కకముందు క్షణాల ఫొటోలను కూడా జేపెగ్‌లో దాచిపెట్టగలదు. బరువు 550 గ్రాములే. అయితే మీ లెన్స్ దానికి నేరుగా తగలదు, ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ కావాలి. ఆ ఖర్చు షాపువాళ్లు చెప్పారో లేదో, మీ లెక్కలో మాత్రం కనిపించలేదు. బ్యాటరీ వేరే రకం, మీ దగ్గరున్నవి దానికి పనిచేయవు. ఒక చార్జీకి డి500 లెక్క 1,240 ఫొటోలు, దీనిది 300 లోపే. తెల్లవారుజామున బయల్దేరి మధ్యాహ్నం దాకా తిరిగేవాడికి జేబునిండా బ్యాటరీలు ఉండాలి. అన్నిటికన్నా వేగంగా తీసే మోడ్ ఎలక్ట్రానిక్ షట్టర్ మీద నడుస్తుంది. సెన్సర్ పైనుంచి కిందికి చదవడం నెమ్మది కాబట్టి వేగంగా కొట్టుకునే రెక్కలు వంగినట్టు వస్తాయి. పెలికాన్‌కి ఇబ్బంది లేదు, లకుముకి పిట్టకి ఉంటుంది. బడ్జెట్ లక్ష దాటినా ఫరవాలేదు, మున్ముందు మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరాలు, జెడ్50-2 ఆ రకమే) వైపే వెళ్తాను అనుకుంటే మాత్రం ఇది తప్పు ఎంపిక కాదు.

డి7500 గురించి మీరు అడగలేదు, ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి చెబుతున్నాను. సెన్సర్ డి500దే, సెకనుకి ఎనిమిది తీస్తుంది. కానీ ఫోకస్ మళ్లీ ఆ 51 పాయింట్లే, కార్డు స్లాటు ఒక్కటే. మీ దగ్గర డి7200 ఉండగా అది కొనడం పాత గోడకి కొత్త సున్నం కొట్టడమే.

ఇక ఆ సెకండ్ హ్యాండ్ డి500. మనిషి మంచివాడే అని ఊరుకోకండి, మీ 200-500 భుజాన వేసుకుని వెళ్లండి. ముందు ఒక రా ఫైలు తీసి మీ కార్డులో ఇంటికి తెచ్చుకోండి. షట్టర్ ఎన్నిసార్లు పడిందో ఆ ఫైల్లోనే రాసి ఉంటుంది, దాన్ని చదివి చూపే ఉచిత సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. ఈ షట్టర్‌ని నికాన్ 2 లక్షల వరకు పరీక్షించింది. 2 లక్షలు దాటితే ఆగిపోతుందని కాదు, దాని దగ్గరకి వచ్చినదానికి ధర తగ్గాల్సిందే. 60, 70 వేలు తిరిగిన బాడీ అయితే సంకోచించక్కర్లేదు.

మన తీరం వాళ్ల కెమెరాల్లో నేను షట్టర్ కన్నా ముందు చూసేది తుప్పు. బ్యాటరీ గదిలో లోహపు రేకులు, పైన ఫ్లాష్ తగిలించే పట్టాలు, రబ్బరు మూత కింద యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ రంధ్రాలు టార్చి వేసి చూడండి. పచ్చటి పొడి గానీ, తెల్లటి పొక్కు గానీ కనిపిస్తే అది ఉప్పు గాలి చేసిన పని, లోపల ఇంకెంత ఉందో తెలియదు. అలాంటిది సగం ధరకి ఇచ్చినా వద్దు. పట్టుకునే చోట రబ్బరు ఊడిందంటే భయపడకండి, అది అతికించుకోవచ్చు. ఎఫ్/16లో తెల్లగోడని ఫోకస్ లేకుండా తీస్తే సెన్సర్ మీది మచ్చలు బయటపడతాయి. దుమ్ము అయితే శుభ్రం చేస్తే పోతుంది, గీత అయితే పోదు. రెండు కార్డు స్లాట్లలోనూ కార్డు పెట్టి రాయించి చూడండి. బిల్లు మీది సీరియల్ నంబరూ బాడీ కిందిదీ ఒకటేనా చూడండి. మీ లెన్స్ తగిలించి 500 దగ్గర దూరంగా ఉన్న కరెంటు స్తంభం మీది కాకిని ఒక పాతిక ఫొటోలు తీయండి, ఇంటికెళ్లి పెద్దవి చేసి చూడండి. వరసగా ఫోకస్ ముందుకో వెనక్కో పడుతుంటే వెంటనే బాడీ పాడైందనుకోకండి, దాన్ని సరిదిద్దే సౌకర్యం కెమెరాలోనే ఉంది. డి500 ఆ కొలతను లైవ్‌వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ తీసే పద్ధతి) తనే తీసుకుంటుంది. డి7200లో చేత్తో చేయాలి. జూమ్ లెన్స్‌కి ఒక్క విలువే గుర్తుంచుకుంటుంది కాబట్టి 500 చివరనే సరిచేయండి, మీరు తీసేదంతా అక్కడే కదా.

బ్యాటరీ విషయంలో మీకు కలిసొచ్చింది. డి7200, డి500 రెండిటికీ ఈఎన్-ఈఎల్15 రకమే. ఒక చార్జర్ చాలు. ఒక్క మెలిక ఉంది: బ్యాటరీ అడుగున లి-అయాన్01 అని ఉన్న పాతవి డి500లో ఉన్నట్టుండి అయిపోయినట్టు చూపిస్తాయి. అవి డి7200కి ఇచ్చి, లి-అయాన్20 అని ఉన్నవి డి500లో వేయండి. కార్డుకి వెంటనే ఎక్స్‌క్యూడీ కొనకండి, అవి ఖరీదు, దొరకడమూ కష్టమవుతోంది. రెండో స్లాటులో ఎస్‌డీ పడుతుంది. ఒక మంచి యూహెచ్‌ఎస్-2 ఎస్‌డీ కార్డుతో మొదలుపెట్టండి. అవసరం పడితే అదే కార్డు డి7200లోనూ పనిచేస్తుంది, కాస్త నెమ్మదిగా. ఎక్స్‌క్యూడీ స్లాటులో సీఎఫ్ఎక్స్‌ప్రెస్ టైప్-బి కార్డులు కూడా పడతాయి, కాకపోతే ముందు ఫర్మ్‌వేర్ కొత్తది వేయాలి.

డి7200కి ఏ లెన్స్ అన్నది మీరు అడగలేదు, కానీ అసలు లాభం అక్కడ ఉంది. 18-140 కన్నా పాత ఏఎఫ్-ఎస్ 70-300 వీఆర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చూడండి. తేలినీలాపురంలో పెలికాన్‌లు, పెయింటెడ్ స్టార్క్‌లు అడవిలో లేవు, ఊళ్లో ఇళ్ల మధ్య చెట్ల మీద ఉన్నాయి. 500తో మీకు ముక్కూ కన్నూ వస్తాయి. కింద పెంకుటిల్లు, పైన గూళ్ల బరువుకి వంగిన కొమ్మ, ఆ కొమ్మ కింద ఆరేసిన బట్టలు వచ్చే ఫొటో 100, 150 మి.మీ. దగ్గర ఉంటుంది. ఆ ఊరి సంగతి చెప్పేది ఆ ఫొటోనే. ముక్కూ కన్నూ ఎక్కడ తీసినా ఒకటే. అన్నట్టు, ఫొటో కింద ‘సైబీరియా నుంచి వచ్చిన అతిథులు’ అని రాయకండి. ఏటా పేపర్లలో చదువుతూనే ఉంటాం. ఈ పెలికాన్‌లు, పెయింటెడ్ స్టార్క్‌లు దక్షిణాసియా పక్షులే. ఇక్కడే పుట్టి, నీళ్లూ చేపలూ ఉన్న చోటికి తిరిగి, మళ్లీ ఇక్కడే గూడు కట్టుకుంటాయి. సైన్సు మాస్టారు రాస్తే పిల్లలు అదే నమ్ముతారు.

రెండు బాడీలూ ఒకేలా పనిచేసేలా ముందే సర్దుకోవాలి. డి500లో ఫోకస్ పట్టడానికి ఏఎఫ్-ఆన్ బటన్ విడిగా ఉంది, డి7200లో లేదు. అక్కడ ఏఈ-ఎల్/ఏఎఫ్-ఎల్ బటన్‌కి ఆ పని అప్పగించండి, బొటనవేలికి రెండూ ఒకటే అవుతాయి. ఐఎస్ఓ బటన్ మాత్రం ఒకదాంట్లో షట్టర్ పక్కన, ఇంకోదాంట్లో స్క్రీన్ ఎడమవైపు. తొందరలో వేలు తడబడుతుంది. రెండిటిలోనూ మాన్యువల్ మోడ్, ఆటో ఐఎస్ఓ పెట్టుకుంటే ఆ బటన్‌తో పని తగ్గుతుంది. గడియారాలు రెండూ ఒకే నిమిషానికి, వీలైతే ఒకే సెకనుకి సరిచేయండి. చిన్న విషయంలా ఉంటుంది. రాత్రి ఇంటికొచ్చి రెండు కార్డుల ఫొటోలు ఒకే ఫోల్డర్‌లో వేసినప్పుడు, గూటి మీద వాలిన పెలికాన్ తర్వాత అది ఎగిరొస్తున్న ఫొటో కనిపిస్తే అర్థమవుతుంది. ఫైలు పేరు ముందు వచ్చే మూడక్షరాలను కూడా ఒక్కో బాడీకి ఒక్కోలా మార్చుకోండి, లేకపోతే ఒకే పేరుతో రెండు ఫైళ్లు వచ్చి ఒకటి మరొకదాన్ని తుడిచేస్తుంది.

నౌపడలో మాత్రం రెండు బాడీలున్నా లెన్స్ విప్పకండి. అక్కడి గాలిలో ఉప్పుంటుంది, దుమ్ముంటుంది. మీ 200-500 జూమ్ తిప్పినప్పుడల్లా ముందుకు సాగి గాలిని లోపలికి లాక్కుంటుంది, అది చాలు. ఇంటికి రాగానే కొంచెం తడిపి పిండిన మెత్తటి గుడ్డతో బాడీ, లెన్స్ పైభాగం తుడిచి, ఆరాక పెట్టెలో పెట్టండి. డ్రై క్యాబినెట్ ఉంటే 40 నుంచి 50 శాతం తేమ. లేకపోతే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు సరిపోతాయి.

నౌపడ గురించే ఇంకో మాట, ఎందుకంటే కొత్త బాడీ వచ్చాక మీరు మొదట నిరాశపడేది అక్కడే. ఎండెక్కాక మడుల మీది గాలి వేడెక్కుతుంది. వేడి గాలి, చల్లగాలి పొరలు ఒకదానిలో ఒకటి కలుస్తూ వెలుతురుని వంకరగా పంపుతాయి. 500 మి.మీ.లో దూరాన ఉన్న ఫ్లెమింగోలు నీళ్లలోంచి చూసినట్టు వణుకుతాయి. ఫోకస్ వేట మొదలుపెడుతుంది, పాతికలో ఒక్కటి కూడా చురుగ్గా రాదు. మీకు కెమెరా మీద అనుమానం వస్తుంది, లెన్స్ సరిచేయడానికి కూర్చుంటారు, ఉన్న సెట్టింగ్ చెడగొట్టుకుంటారు. డి500 కాదు, ఐదు లక్షల బాడీ తెచ్చినా ఆ గాలిని ఏమీ చేయలేదు. సూర్యుడు లేచీ లేవకముందే అక్కడుండాలి, తొమ్మిదికల్లా సర్దేయాలి. మబ్బు రోజైతే ఇంకాసేపు. ఇంకా దగ్గరకి వెళ్లడం ఒక్కటే మిగిలిన మార్గం, అదీ పక్షులు ఒప్పుకుంటే. గట్ల మీద నడిచే ముందు అక్కడ పనిచేసే వాళ్లని అడగండి. అవి వాళ్ల మడులు, ఒక్క గట్టు తెగితే వాళ్ల పని పోతుంది.

తేలుకుంచి ఓపెన్‌బిల్ కొంగలు వానాకాలంలో గూళ్లు కడతాయి కాబట్టి అక్కడ మీ శత్రువు నీరు. బాడీలు రెండూ చినుకుల్ని తట్టుకుంటాయి, 200-500 వాన కోసం చేసిన లెన్స్ కాదు. వాన తొడుగు లేకుండా ఇచ్ఛాపురం బస్సెక్కకండి.

ఎలుగుబంట్ల సంగతి. దీనికి కెమెరా పేరు చెప్పను మాస్టారూ. ఉద్దానంలో ఎలుగు జీడి, పనస, కొబ్బరి తోటల్లోకి దిగేది సరిగ్గా వెలుతురు పోయే వేళ, తోటపనికి వెళ్లినవాళ్లు దాని పాలబడేదీ ఆ వేళే. దానికి చూపు మందం, ముక్కు చురుకు. మనిషి ఉన్నాడని దగ్గరకొచ్చాకే తెలిసి, బెదిరి మీద పడుతుంది. మూడు కిలోల కెమెరా, లెన్స్ పట్టుకున్నవాడు పరుగెత్తలేడు. పైగా ఫొటోకోసం పనసపండో తేనో ఎర వేసేవాళ్లూ ఉన్నారు. మీరు ఒక సాయంత్రం ఫొటో తీసుకుని వెళ్లిపోతారు, ఎర రుచి మరిగిన ఎలుగు ఆ తోటలో మిగిలిపోతుంది. అటవీశాఖ వాళ్లతో కలిసి, వాళ్ల వాహనంలోంచి దిగకుండా తీసే అవకాశం వస్తే తీయండి. లేకపోతే వద్దు.

ఆ డి500 పరీక్షలో నిలవకపోతే తొందరపడి ఇంకోటి పట్టుకోకండి. ముందు 70-300 ఒక్కటి కొనుక్కోండి, మిగతా డబ్బు అలాగే ఉంచండి. సీజన్ మధ్యలో అందరికీ కెమెరా కావాలి, మార్చి దాటి పక్షులు వెళ్లిపోయాక అమ్మేవాళ్లు బయటికొస్తారు. అప్పటికీ తుప్పులేని డి500 దొరక్కపోతే, ఇంకాస్త కూడబెట్టి జెడ్50-2, ఎఫ్‌టీజెడ్ కలిపి తీసుకోండి. డి7200 ఆ జతలోనూ రెండోదిగా పనికొస్తుంది.